రోస్టర్ కాగితం మీద తెలుగు అక్షరాలు

2002 చివరలో ఒక అమెరికన్ టెక్నాలజీ సంస్థ గచ్చిబౌలి దాటాక తన ప్రాంతీయ కేంద్రాన్ని తెరిచినప్పుడు అందులో నాకు దొరికిన పని కంప్యూటర్ ముందు కూర్చునేదే గానీ ప్రోగ్రాములు రాసేది కాదు. దాన్ని ట్రాన్స్‌పోర్ట్ డెస్కు అనేవారు. సెల్లారులోకి బండ్లు దిగే ర్యాంపు పక్కన కిటికీ లేని చిన్న గది, అందులో ఒక కంప్యూటరు, రెండు ఫోన్లు, ఒక వాకీటాకీ, గోడకు నిలువెత్తు హైదరాబాదు పటం ఉండేవి. ఏ ఉద్యోగి ఎన్ని గంటలకు లాగిన్ కావాలి, ఎవరిని ఏ బండి ఎక్కడ ఎక్కించుకోవాలి, తెల్లవారుజామున ఎవరిని ముందు దింపి ఎవరిని తరువాత దింపాలి అన్నవి లెక్కచూసి, రోస్టర్ తయారుచేసి డ్రైవర్ల చేతికి ఇవ్వడం నా బాధ్యత. నెలకు నాలుగు వేల రూపాయల జీతం. సంస్థ పేరు ఈ జ్ఞాపకానికి అవసరం లేదు. ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద తెరుచుకున్న ప్రతి పెద్ద గేటు వెనుకా ఇలాంటి గది ఒకటి ఉండేది.

ప్రారంభోత్సవం నాడు షామియానా వేశారు, మంత్రిగారు వచ్చారు, రిబ్బను కత్తిరించారు. ఆ కేంద్రం వల్ల ఎన్ని ఉద్యోగాలు వస్తాయో చెబుతూ మర్నాడు పత్రికల్లో ఒక అంకె వేశారు. ఆ వార్తను కత్తిరించి మా డెస్కు గోడకు అంటించుకున్నాం, గర్వంగానే. ఆ అంకెలో నేను లేనని కొన్ని నెలల తరువాత గానీ నాకు తెలియలేదు. నాకు జీతం ఇచ్చేది ఆ సంస్థ కాదు, దానితో ఒప్పందం చేసుకున్న ఒక ఏజెన్సీ. డ్రైవర్లకు డబ్బు ఇచ్చేది మరొక వెండరు. గేటు దగ్గర కాపలా వాళ్లది, క్యాంటీన్ వాళ్లది, నేల తుడిచే ఆడవాళ్లది తలా ఒక కాంట్రాక్టు. ఆ అంకెలోకి రాని మనుషుల గురించి రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను. వాళ్లలో ఎంతోమంది రాకపోకల వేళలు ఒకప్పుడు నా చేతిరాతలో ఉండేవి గనుక, రాయవలసినవాణ్ణి నేనేనని కూడా అనిపిస్తుంది.

మాది నల్లగొండ జిల్లా. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు నేను బీకాం చదువుతున్నాను. ఆ గుండ్రటి భవనం ఫోటో పత్రికలో వస్తే, మా కాలేజీ లైబ్రరీలో చేతులు మారి మారి ఆ పేజీ మడతల దగ్గర చిరిగిపోయింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్‌ను హైదరాబాదులో పెట్టింది. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చి మాట్లాడి వెళ్లారు. పొలం గట్ల మీద కూడా జావా, ఒరాకిల్ అన్న మాటలు వినపడిన కాలం అది. నాన్న ఎడ్ల జత అమ్మి ఇచ్చిన డబ్బుతో అమీర్‌పేటకు వచ్చి, ఎస్సార్ నగర్‌లో అయిదుగురం ఒక గదిలో ఉంటూ, మైత్రీవనం దగ్గర ఒక కంప్యూటర్ కోర్సులో చేరాను. అది పూర్తయ్యే వేళకు అమెరికాలో డాట్‌కామ్ సంస్థలు వరుసగా మూతబడ్డాయి; 2001 సెప్టెంబరు 11 తరువాత ఇంటర్వ్యూ అన్న మాటే వినపడకుండా పోయింది. అక్కడి నుంచి తిరిగివచ్చిన మా సీనియర్లు అవే కోచింగ్ సెంటర్ల మెట్ల మీద మళ్లీ నోట్సులు పట్టుకుని నిలబడడం కళ్లారా చూశాను. అందుకే ఈ డెస్కులో ఖాళీ ఉందని గదిలోని మిత్రుడొకడు చెప్పగానే, అది ఏం పనో కూడా అడగకుండా వెళ్లి చేరాను.

ఇప్పటి గచ్చిబౌలిని చూసినవారికి అప్పటి గచ్చిబౌలిని చెప్పడం కష్టం. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ) తెరిచి ఏడాది అయింది. డిసెంబరులో జరగబోయే జాతీయ క్రీడల కోసం స్టేడియం సిద్ధమవుతోంది. 54 ఎకరాల మైక్రోసాఫ్ట్ ప్రాంగణం తలుపులు తెరవడానికి ఇంకా రెండేళ్లు ఉంది. చౌరస్తా దాటితే ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండరాళ్లు, వాటి మధ్య సీతాఫలం పొదలు, అక్కడక్కడ మేకల మందలు. రాత్రి పొద్దుపోయాక మెహిదీపట్నం వెళ్లే బస్సు ఉండేది కాదు, ఆటో ఎంత ఇస్తామన్నా వచ్చేది కాదు. అమెరికా వేళల ప్రకారం నడిచే సంస్థకు అసలు పని జోరందుకునేది సరిగ్గా ఆ సమయానికే. కాబట్టి ఉద్యోగిని ఎంపిక చేసుకోవడం ఒక ఎత్తు, ఆ ఉద్యోగిని ఇంటి నుంచి వేళకు తెచ్చి తిరిగి ఇంటికి చేర్చడం ఒక ఎత్తు.

మొదటి నెలలో మా దగ్గర పద్నాలుగు బండ్లు ఉండేవి: టాటా సుమోలు ఆరు, టయోటా క్వాలిస్‌లు ఎనిమిది. ఒకే పేరు గల డ్రైవర్లు ముగ్గురు నలుగురు ఉండడంతో వాళ్లను ఊరి పేర్లతో పిలిచే అలవాటు పడింది. శంకర్‌పల్లి అన్న, షాద్‌నగర్ తమ్ముడు, ఇబ్రహీంపట్నం చాచా, మొయినాబాద్ అన్న. వాళ్లలో ఎక్కువమంది సంవత్సరం కిందటి వరకు స్టీరింగ్ కంటే నాగలిని ఎక్కువ పట్టినవాళ్లు.

మొయినాబాద్ అన్న గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఆయనకు మూడెకరాల పొలం ఉండేది. టమాట, పాలకూర, కొత్తిమీర వేసి, ట్రాలీ ఆటోలో మెహిదీపట్నం రైతుబజారుకు తెచ్చి అమ్మేవాడు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడడానికి 1996లో ప్రభుత్వం తెచ్చిన 111 జీవో ఆ చుట్టుపక్కల 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలను కట్టడి చేసింది. గచ్చిబౌలిలో భూముల ధరలు ఏటికేడు మారిపోతుంటే, అక్కడికి ఇరవై కిలోమీటర్ల దూరంలోని ఆయన పొలం పొలంగానే ఉండిపోయింది. ఆ జీవో తప్పని నేను ఏనాడూ అనలేదు, ఆ చెరువుల నీళ్లు తాగి పెరిగిన నగరం ఇది. అయితే భూమి అమ్ముకుని బాగుపడే అవకాశం లేని రైతు ఈ కొత్త కొలువుల్లో తన వంతు అందుకోవాలంటే మిగిలిన దారి బండి కొనడమే. వదిన పుస్తెలతాడు కుదువబెట్టి తొలి వాయిదా కట్టి, మిగతాది ఫైనాన్సు మీద పెట్టి క్వాలిస్ తీసుకున్నాడు. నెల నెలా పదకొండు వేల కిస్తీ. ఆ ఏడు దసరాకు వాళ్లింటికి భోజనానికి వెళ్లినప్పుడు వదిన మెడలో పసుపుతాడుకు గుచ్చిన రెండు పుస్తెలు మాత్రమే చూశాను. ఆ పూట ఎవరమూ దాని గురించి మాట్లాడలేదు. ఇంటి ముందు బండికి గుమ్మడికాయ కొట్టిన మరక ఇంకా పోలేదు.

రోస్టర్ ఇంగ్లీషులో అచ్చయి వచ్చేది. ఆయన చేరిన మొదటి వారంలోనే ఒక రాత్రి, రెండు గంటల డ్రాప్‌కు ముందు, మిగతా డ్రైవర్లందరూ వెళ్లేదాకా ఆగి, కాగితం పట్టుకుని డెస్కు ముందుకు వచ్చాడు.

“సారూ, జర గీ కాయితం సదివి చెప్పుర్రి. ఏడో తరగతి దాకనే సదివిన, ఇంగిలీషు సమజ్ గాదు” అన్నాడు, గొంతు తగ్గించి.

నేను ఆ కాగితం తిరగేసి వెనుకవైపు తెలుగులో రాశాను. ఒకటి, టోలీచౌకి, మసీదు దాటినంక ఎడమ సందు, మూడో ఇల్లు. రెండు, విజయనగర్ కాలనీ, పాలబూతు దగ్గర ఆపి దించాలె. మూడు, ఎర్రమంజిల్ కాలనీ, నీళ్ల ట్యాంకు ఎదురు సందు, నీలం గేటు, కుక్క ఉంటది. ఆయన పెదవులు కదుపుతూ రెండుసార్లు చదువుకున్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి, ఎర్రమంజిల్ అన్న మాట మీద వేలు పెట్టి చూసుకున్నాడు. “గిట్ల రాసిస్తే నా బండి ఏడికైన పోతది తమ్మీ” అన్నాడు. నేను సారు నుంచి తమ్మినైంది ఆ రాత్రే.

మర్నాడు ఆరుగురు వచ్చారు. వారం తిరిగేసరికి ప్రతి రోస్టర్ వెనుకా నా చేతిరాత ఉండేది. ఉర్దూ మాత్రమే వచ్చిన చాచా కోసం క్యాంటీన్‌లో పనిచేసే కుర్రవాడి చేత ఉర్దూలో రాయించేవాణ్ణి. ఇదంతా ఎందుకని మా సూపర్‌వైజరు మొదట్లో విసుక్కున్నాడు గానీ, బండ్లు దారి తప్పి తిరగడం, ఉద్యోగులు ఆలస్యంగా రావడం తగ్గాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ కేంద్రంలో ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ తయారైందో చెప్పే అర్హత నాకు లేదు. దాన్ని తయారుచేసినవాళ్లు వేళకు సీట్లలో ఉండడానికి కాగితం వెనుక రాసిన ఆ తెలుగు కొంత పనికివచ్చిందని మాత్రం గట్టిగా చెప్పగలను.

ఒక్క క్వాలిస్ చుట్టూ ఎన్ని బతుకులు అల్లుకున్నాయో నేను దగ్గరి నుంచి చూశాను. రాత్రి బండి అన్న నడిపితే పగలు ఆయన బావమరిది నడిపేవాడు, కిస్తీ కట్టాలంటే బండి నిలబడకూడదు గనుక. చౌరస్తాలో ఒక కేరళ ఆయన పంక్చర్ దుకాణం పెట్టాడు. మొదట ఒక గాలి పంపుతో మొదలైన ఆ దుకాణంలో రెండేళ్లకు నలుగురు కుర్రవాళ్లు పనిచేశారు. రాయదుర్గం వైపు బండ్లు కడిగే చోట్లు రెండు వెలిశాయి. తెల్లవారుజామున మూడు గంటలకు గేటు బయట పాలమూరు నుంచి వచ్చిన భార్యాభర్తలు ఇడ్లీ బండి పెట్టేవారు. వాళ్లు అంతకుముందు మా భవనానికే రాళ్లు మోసిన కూలీలు. కట్టడం పూర్తయి పని అయిపోయాక ఊరికి తిరిగి వెళ్లకుండా, తాము కట్టిన గోడ నీడలోనే పొయ్యి వెలిగించుకున్నారు. మాదాపూర్‌లో ఇళ్లకు ఇళ్లే ఆడపిల్లల హాస్టళ్లుగా మారాయి. కొండాపూర్‌లో వంటింటి కిటికీయే దుకాణంగా కర్రీ పాయింట్లు వచ్చాయి. అలా మొదలుపెట్టిన ఒక గోదావరి జిల్లా పెద్దమ్మ, కొడుకు ఉద్యోగం కోసం వెంట వచ్చి, పొద్దుపోక పప్పు, వంకాయ వేపుడు పొట్లాలు కట్టి అమ్మడం మొదలుపెట్టి, చివరికి ఆరుగురు ఆడవాళ్లకు జీతాలిచ్చేంతగా ఎదిగింది. ఒంటరిగా ఉండే ఉద్యోగికి గిన్నెడు అన్నం వండుకోవడం వచ్చుగానీ కూర వండే తీరిక ఉండదన్న చిన్న సత్యం మీద హైదరాబాదులో ఒక వ్యాపారమే నిలబడింది.

చాలా ఏళ్ల తరువాత ఒక వ్యాసంలో చదివాను: కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలోని ఎన్రికో మోరెట్టి అనే ఆర్థికవేత్త అమెరికా నగరాల లెక్కలు తీసి, ఉన్నత సాంకేతిక రంగంలో ఒక ఉద్యోగం వస్తే కాలక్రమంలో ఆ ఊళ్లో మరో అయిదు ఉద్యోగాలు పుడతాయని, వాటిలో రెండు వైద్యుడు, న్యాయవాది వంటి వృత్తుల్లోనూ, మూడు హోటళ్లు, దుకాణాల వంటి చోట్లా ఉంటాయని అంచనా వేశారట. అమెరికా లెక్క మనకు అలాగే అతకదు, అక్కడి జీతం వేరు, ఇక్కడి పని తీరు వేరు. అయినా ఆ పేరా చదువుతున్నంతసేపూ నాకు పంక్చర్ దుకాణమూ, ఇడ్లీ బండీ, పెద్దమ్మ వంటింటి కిటికీ కళ్లముందు కదిలాయి. పుస్తకాల్లో అంకెగా ఉన్న ఆ అయిదుగురిలో ప్రతి ఒక్కరి ఇంటి దారి నాకు తెలుసు.

మా డెస్కు పనిలో అన్నిటికన్నా బరువైనది ఆడపిల్లల డ్రాప్. రాత్రివేళ స్త్రీలు పనిచేయడం మీద దుకాణాలు, సంస్థల చట్టంలో ఉన్న నిషేధం నుంచి ప్రభుత్వం ఐటీ సంస్థలకు మినహాయింపు ఇస్తూ, వారికి రవాణా, భద్రత కల్పించాలని షరతు పెట్టింది. అంటే కంపెనీ బండి ఉద్యోగులకు చేసిన మర్యాద కాదు. అది లేకపోతే ఆ ఆడపిల్లలకు ఆ ఉద్యోగమే లేదు. మొదటి పికప్, చివరి డ్రాప్ అమ్మాయిది కాకూడదు, తప్పనిసరైతే గార్డు ఉండాలి. 2005 డిసెంబరులో బెంగళూరులో ఒక కాల్‌సెంటర్ ఉద్యోగిని క్యాబ్ ఎక్కి డ్రైవర్ చేతిలో ప్రాణాలు కోల్పోయిన తరువాత ఆ నియమాలు ఇంకా బిగిశాయి; డ్రైవర్ల వేలిముద్రలు, ఫోటోలు, ఊరి పోలీస్ స్టేషన్ నుంచి ధ్రువపత్రాలు అన్నీ తెప్పించవలసి వచ్చింది. ఆ వార్త వచ్చిన రోజు మా డ్రైవర్లు డెస్కు ముందు తలలు వంచుకుని నిలబడ్డారు, తామే తప్పు చేసినట్టు. ఆ రాత్రి ఎక్కే ప్రతి అమ్మాయీ తమను ఎలా చూస్తుందోనన్నదే వాళ్ల బాధ.

ఆ రోజుల్లో మలక్‌పేట నుంచి ఒక అమ్మాయి వచ్చేది. ఇంట్లో ఆమే మొదటి సంపాదనపరురాలు. రాత్రి ఉద్యోగానికి తండ్రి ఒప్పుకోక, ఒకరోజు ఆయనే బండి వెనుక స్కూటరు మీద గచ్చిబౌలి దాకా వచ్చి, మా డెస్కులో కూర్చుని నన్నూ, మొయినాబాద్ అన్ననూ గంటసేపు ప్రశ్నలు అడిగి వెళ్లాడు. ఆ మర్నాటి నుంచి అన్న ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఆమెను గుమ్మం ముందు దింపి ఊరుకోడు. ఆమె లోపలికి వెళ్లి మేడ మీద గదిలో దీపం వేసేదాకా ఇంజను ఆపకుండా అక్కడే ఉండేవాడు. దీపం వెలిగాక ఒకసారి హెడ్‌లైటు ఆర్పి వేసి కదిలేవాడు. నియమావళిలో లేని పని అది. నెల రోజులకు తండ్రి కిటికీ దగ్గరికి వచ్చి చెయ్యి ఊపడం మొదలుపెట్టాడట. ఆ పిల్ల జీతంతో తమ్ముడు ఇంజనీరింగ్ చదివాడు, ఇంటి అప్పు తీరింది. ఆ ఉద్యోగం సంస్థ లెక్కలో ఒకటి. ఆ ఒక్కటి నిలబడడానికి రాత్రి మూడు గంటలకు మలక్‌పేట సందులో ఆగి ఉన్న మనిషి లెక్కలో లేడు.

చుట్టుపక్కల ఊళ్ల కుర్రవాళ్ల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఈ భవనాలు లేచిన నేల వాళ్ల తాతలు జొన్నలు పండించినది. కంపెనీ వస్తే కొలువు వస్తుందని పెద్దలు వాళ్లకు చెప్పారు. వాళ్లు సర్టిఫికెట్లు పట్టుకుని గేటు దాకా వచ్చేవారు. ఇంగ్లీషులో రెండు ప్రశ్నలు అడిగేసరికి వెనక్కి తిరిగేవారు. కొందరు చివరికి అదే గేటు దగ్గర కాపలాకు చేరారు. ఒకతను నాతో టీ తాగుతూ పార్కింగ్ చివర ఉన్న వేపచెట్టును చూపించి, అది తమ బావి గట్టున ఉండేదని చెప్పాడు. అతని మాటలో కోపం లేదు. నాకు మాత్రం ఆ పిల్లలకు ఒక్క ఏడాది ముందు నుంచి చదువు చెప్పించే ఏర్పాటు ఒప్పందంలోనే రాసి ఉంటే ఎంత బాగుండేదని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. భూమి ఇచ్చేటప్పుడు రోడ్డు, కరెంటు, నీళ్లు షరతుల్లో ఉంటాయి. ఆ ఊరి పిల్లల ఇంగ్లీషు ఎందుకు ఉండకూడదు?

2008 నాటికి మా బండ్లు నూట అరవై దాటాయి. అదే సంవత్సరం అమెరికాలో బ్యాంకులు కూలడంతో షిఫ్టులు తగ్గడం మొదలైంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు ఖాతాల్లో మోసం ఒప్పుకుంటూ రాసిన లేఖ బయటపడిన సాయంత్రం నగరమంతా ఒక ఇంట్లో చావు జరిగినట్టు ఉంది. మా సంస్థకు దానితో సంబంధం లేకపోయినా మరుసటి నెలలో అరవై బండ్లు తీసేయమని నాకు చెప్పారు. ఎవరివి తీయాలో జాబితా నేనే తయారుచేయాలి. ఉద్యోగిని తీసేస్తే కొన్ని నెలల జీతం, ఒక ఉత్తరం ఇచ్చారు. బండిని తీసేస్తే ఏమీ లేదు, పైగా వెండరు వాళ్లకు రెండు నెలల బిల్లులు బాకీ పెట్టాడు. ఫైనాన్సు వాళ్లు ఇబ్రహీంపట్నం చాచా సుమోను మా గేటు ముందే తాళం చెవి అడిగి తీసుకువెళ్లారు. చాచా సీటు కింద నుంచి నమాజు చాప, టిఫిన్ డబ్బా, ఉర్దూలో రాసిన పాత రోస్టర్ కాగితాల కట్ట తీసుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడు. ఆ జాబితాలో చాచా పేరు రాసింది నేను. బండి వయసు ప్రకారం రాయమన్నారు, అలాగే రాశాను. తరువాత ఎన్నిసార్లు ఆయన ఇంటికి వెళ్లినా ఆయన ఆ సంగతి ఎత్తలేదు, నేను మరిచిపోలేదు.

తరువాతి పదేళ్లు మళ్లీ పెరుగుదల. నేను వెండరు సంస్థలో సూపర్‌వైజర్‌నయ్యాను. అన్న క్వాలిస్ అమ్మి ఇన్నోవా, ఆపైన ఇంకొక కారు తీసుకున్నాడు, వదిన మెడలోకి గొలుసు తిరిగివచ్చింది. 2016 మార్చి 30న నానక్‌రామ్‌గూడలో అమెజాన్ ప్రాంగణానికి శంకుస్థాపన జరిగింది. 39 నెలలపాటు రోజుకు సగటున 2 వేల మంది కూలీలు పనిచేసి 9.5 ఎకరాల్లో దాన్ని కట్టారు. ఈఫిల్ టవర్‌కు పట్టిన ఇనుముకు రెండున్నర రెట్లు పట్టిందని చెప్పుకునేవారు. 2019 ఆగస్టు 21న తెరిచినప్పుడు 18 లక్షల చదరపు అడుగుల కార్యాలయం, 49 లిఫ్టులు, 15 వేల మందికి చోటు అని పత్రికల్లో వచ్చింది. ఆ ఉదయం నేను రోడ్డుకు ఇవతల నిలబడి ఆ గేటును చూస్తూ, అంతమందిని తేవడానికి, చేర్చడానికి ఎన్ని బండ్లు కావాలో లెక్క వేశాను, పాత అలవాటు. ప్రభుత్వ లెక్కల ప్రకారం తెలంగాణలో ఐటీ ఉద్యోగులు 2013-14లో 3,23,396 మంది ఉంటే 2022-23 నాటికి 9,05,715 మంది అయ్యారు. ఒక్కొక్కరి వరకు లెక్కపెట్టిన ఆ అంకె చూసినప్పుడు సంతోషమే కలిగింది. చివరి అయిదుగురి వరకు లెక్కపెట్టగలిగినవాళ్లు చాచాను, పెద్దమ్మను కూడా ఏదో ఒక వరుసలో లెక్కపెట్టవచ్చు గదా అనిపించింది.

2020 మార్చి 22, ఆదివారం, జనతా కర్ఫ్యూ. ఆ వారంలోనే భవనాలన్నీ ఖాళీ అయ్యాయి. ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు ఇళ్లకు తీసుకువెళ్లారు, వాళ్ల పని ఆగలేదు, జీతాలు ఆగలేదు. అందుకు నేను నిజంగా సంతోషించాను. కానీ ఇంట్లో కూర్చున్నవాణ్ణి ఇంటి నుంచి తేనక్కరలేదు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి రోస్టర్ లేని రోజు వచ్చింది. మొదటి నెల నాకు సగం జీతం వచ్చింది, రెండో నెల అదీ లేదు. ఇడ్లీ బండి వాళ్లు పాలమూరు వెళ్లిపోయారు. హాస్టళ్ల గేట్లకు తాళాలు పడ్డాయి.

ఏప్రిల్ నడిమిలో మొయినాబాద్ అన్న ఫోన్ చేశాడు. పొలంలో పాలకూర, టమాట కోతకు వచ్చింది, రైతుబజారులో జనం లేరు, ఇంటి ముందు రెండు కార్లు ఊరికే ఉన్నాయి. మలక్‌పేట అమ్మాయి అప్పటికి కొండాపూర్‌లో సొంత ఫ్లాట్ కొనుక్కుని భర్త, పిల్లలతో ఉంటోంది. ఆమె అన్నకు తానే ఫోన్ చేసి యోగక్షేమాలు అడిగి, కూరగాయల సంగతి విని, తన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టిందట. “ఈయన నన్ను అయిదేళ్లు ఇంటికి చేర్చిన అన్న” అని రాసిందట. ఒక్క సాయంత్రంలో నలభై ఇళ్ల నుంచి ఆర్డర్లు వచ్చాయి. కూరగాయల రవాణాకు అనుమతి ఉంది గనుక బండికి పాసు దొరికింది. చిక్కు ఒక్కటే, ఆర్డర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి.

“తమ్మీ, ఎన్కటి లెక్క జర రాసియ్యరాదు” అన్నాడు.

ఆమె పంపిన జాబితా నా ఫోనుకు తెప్పించుకుని, పిల్లల నోటు పుస్తకం నుంచి రూళ్ల కాగితం చింపి, భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ల కిందట రాసినట్టే వరుస కట్టి, గేటు దగ్గరున్న బ్లాకు నుంచి మొదలుపెట్టి, బండి వెనక్కి తిరగనక్కరలేకుండా రాశాను. ఒకటి, ఏ బ్లాకు, 102, పాలకూర నాలుగు కట్టలు, టమాట రెండు కిలోలు. రెండు, ఏ బ్లాకు, 305, కొత్తిమీర, పుదీన, గంట కొట్టొద్దు, చంటిపిల్ల ఉంది. మూడు, బి బ్లాకు, 704, మన మలక్‌పేట అమ్మాయి, ఆమె నాన్న కూడా అక్కడే ఉన్నాడు, మెత్తటి వంకాయలు చూసి పెట్టు. నలభై ఇళ్లూ రాసేసరికి రాత్రి పదకొండు దాటింది. కాగితాన్ని ఫోటో తీసి పంపాను. అయిదు నిమిషాలకు ఆయన నుంచి గొంతు సందేశం వచ్చింది. తెల్లారగట్ల నాలుగు గంటలకు బండి కదులుతుందని, మొదటి డ్రాప్ ఏ బ్లాకు 102 అని, కాగితం చూసి నాకు చదివి వినిపించాడు.